వెనక సీటు అత్తయ్య

అత్తయ్యకి బండి నడపడం రాదు. నేర్చుకోవాలన్న కోరికా లేదు. అయినా ఆ పేటలో ఎవరు మోటారు సైకిలు కొనబోతున్నా, ముందు అత్తయ్య దాని వెనక సీటు మీద కూర్చుని చూడాల్సిందే. పిలిచినా సరే, పిలవకపోయినా సరే.

కూర్చోవడమంటే ఊరికే ఎక్కి దిగడం కాదు. సొంత హెల్మెట్టు పెట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని వచ్చేది. సంచీలో టీ ఫ్లాస్కు, ఒక స్టీలు కప్పు. బండి వేగం నలభై దాటగానే వెనక నుంచి ఫ్లాస్కు మూత తిరుగుతున్న కిర్రుమనే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుకి నడిపేవాడి వీపు బిగుసుకుపోయేది. ఎందుకంటే అత్తయ్య పరీక్ష చాలా సులువు. టీ కప్పులో ఉంటే బండి మంచిది. నడిపేవాడి వీపు మీద ఉంటే చెడ్డది.

దిగాక మార్కులు వేసేది. నడుముకి అయిదు, తుంటికి అయిదు, మోకాళ్ళకి అయిదు, మెడకి అయిదు, మనసుకి అయిదు. మొత్తం పాతిక. "మనసుకి మార్కులేమిటండీ?" అని ఒకసారి వడ్రంగి అడిగాడు. "బండి ఎక్కి వెళ్తుంటే దారిలో జనం మన వంక చూడాలా వద్దా? ఆ సంతోషానికి మార్కులు వద్దా?" అంది అత్తయ్య. వడ్రంగి కొత్త స్పోర్ట్స్ బండికి ఆ ఒక్కదాంట్లోనే అయిదూ వచ్చాయి. మిగతా నాలుగింటికీ కలిపి మూడు. వారం తిరక్కుండా బండి మార్చుకున్నాడు.

స్పోర్ట్స్ బండ్ల గురించి, క్రూయిజర్ల గురించి ఆవిడకి గట్టి అభిప్రాయాలుండేవి. "స్పోర్ట్స్ బండి దూకబోతున్న చిరుతపులి. చూడ్డానికి ఎంత అందం! నడిపేవాడు పులి మెడ మీద పడుకుంటాడు. వెనకున్నవాళ్ళు తోక చివర వేలాడతారు. క్రూయిజరంటావా, కడుపు నిండిన ఏనుగు. వెనక కూర్చుంటే పడక్కుర్చీయే. కాని ఆ ఏనుగుని ఇరుకు సందులో వెనక్కి తిప్పి చూడు, అప్పుడు తెలుస్తుంది."

పెద్ద వీధిలో ఉన్న ఒక షోరూం వాళ్ళు ఆవిడ ధాటికి తట్టుకోలేక గోడకి బోర్డు పెట్టారు: టెస్ట్ రైడ్ నడిపేవారికి మాత్రమే. అత్తయ్య దాన్ని నిదానంగా రెండుసార్లు చదివింది. "అయితే ఆ వెనక సీటు ఎవరికి బాబూ, గాలికా?" అంది. అప్పటికే సంతకం పెట్టడానికి పెన్ను తెరిచిన కొనుగోలుదారు పెన్ను మూసేశాడు. ఆ రోజు నుంచి ఆవిడ హెల్మెట్టు వీధి మలుపులో కనబడగానే అక్కడి సేల్స్‌మన్ ఒకతను బాత్రూములో దూరి గడియ పెట్టుకునేవాడు.

అలాంటి మనిషికి స్వయానా మేనకోడలు పిచ్చుక. అసలు పేరు ఆఫీసు కాగితాల మీదే ఉండేది. అయిదడుగులు కూడా లేని మనిషి, మాట మాత్రం ఎడతెగకుండా కిచకిచమని సాగేది, అందుకని ఇంట్లో అందరికీ పిచ్చుకే. ఉద్యోగం కోసం వచ్చి అత్తయ్యా మావయ్యల దగ్గరే ఉండేది. మావయ్య లిఫ్టు మెకానిక్కు. ఇంట్లో మాట్లాడే పని అత్తయ్య చూసుకుంటుంది కాబట్టి ఆయనకి దాంతో అవసరం పడేది కాదు.

పిచ్చుకకి ఇది మూడో ఉద్యోగం. మొదటిది కంపెనీ మూతపడి పోయింది. రెండోది ఆమె నోటి వల్ల పోయింది. మూడోది, పెద్ద వీధి చివర ఉన్న కొత్త మోటారు సైకిళ్ళ షోరూంలో, ఆమెకి ప్రాణం. బండ్లంటే చిన్నప్పటి నుంచి పిచ్చి. ఆరునెలల్లో పన్నెండు బండ్లు అమ్మితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. చేరిన మొదటి రోజు సాయంత్రమే అత్తయ్య చేతులు పట్టుకుంది.

"అత్తయ్యా, నీకు పుణ్యముంటుంది. నువ్వు మాత్రం మా షోరూంకి రాకు."

"నేనేం చేశానే?"

"ఏం చెయ్యలేదు. అదే, ఏం చెయ్యకుండా ఇంట్లో ఉండు."

"సరే. నీ షోరూంలో అడుగు పెట్టను. ఒట్టు."

అయిదు నెలల ఇరవైతొమ్మిది రోజులు అత్తయ్య ఆ ఒట్టు నిలబెట్టుకుంది. పిచ్చుక పదకొండు బండ్లు అమ్మింది. ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఆరింటికి మేనేజరు హెడ్డాఫీసుకి లెక్క పంపాలి. ఇంకొక్క బండి.

మధ్యాహ్నం మూడున్నరకి పళ్ళ డాక్టరు వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఎర్ర స్పోర్ట్స్ బండిని చూడటానికి రావడం అది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా దాని చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు, ముట్టుకుంటే మాసిపోతుందేమోనన్నట్టు.

"ఈరోజు తేల్చేస్తానమ్మా. ఒక్కసారి నడిపి చూసి, సంతకం పెట్టేస్తాను," అన్నాడు. ఫోను, సంచీ బల్ల మీద పెట్టి హెల్మెట్టు తగిలించుకున్నాడు.

గాజు గది లోపలి నుంచి మేనేజరు రెండు బొటనవేళ్ళూ పైకెత్తి చూపించాడు. బండిని తలుపు బయటికి తోసి, వాలు మీంచి వీధిలోకి దింపబోతున్నారు. వాలు చివర, వీధి హద్దుకి సరిగ్గా ఒక అడుగు అవతల, ఒక హెల్మెట్టు కనిపించింది. దాని కింద అత్తయ్య.

"అత్తయ్యా! ఒట్టు వేశావు!"

"షోరూంలో అడుగు పెట్టనన్నాను. ఇది వీధి," అంది అత్తయ్య. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "నమస్కారమండీ. వెనక ఎవరు కూర్చుంటారు?"

"మా ఆవిడండీ," అన్నాడు డాక్టరు అయోమయంగా.

"ఆవిడ రాలేదా?"

"చెప్పలేదండీ. కొని తీసుకెళ్ళి ఆశ్చర్యపరుద్దామని."

"ఆవిడ సంగతేమో గాని, ఆవిడ నడుము మాత్రం తప్పకుండా ఆశ్చర్యపోతుంది. పగలంతా జనం నోళ్ళలోకి వంగి, సాయంత్రం మళ్ళీ పెట్రోలు ట్యాంకు మీదకి వంగుతారా డాక్టరుగారూ? కాస్త ఆగండి, నేను ఎక్కుతాను."

పిచ్చుక అడ్డం పడేలోగానే అత్తయ్య ఎక్కేసింది. ఆ వెనక సీటు చూస్తే అరచేతి వెడల్పు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. కాళ్ళు పెట్టుకునే చోటు ఎంత పైన ఉందంటే మోకాళ్ళు రెండూ వచ్చి పక్కటెముకలకి ఆనాయి. "రిజర్వాయరు గట్టు మీదికి పోనివ్వండి," అంది. ఎర్ర బండి గర్జించింది. మలుపు తిరిగి మాయమైంది. అప్పుడు సమయం నాలుగు.

నాలుగుంబావు అయింది. మామూలు టెస్ట్ రైడ్ పది నిమిషాలు. నాలుగున్నర అయింది. పిచ్చుక వాలు మీద నిలబడి వీధి మలుపుని చూస్తూనే ఉంది. మధ్యాహ్నం కురిసిన వానకి రోడ్లు ఇంకా తడిగా ఉన్నాయి. ఆ గట్టు రోడ్డుకి ఒకవైపు లోతైన నీళ్ళు, ఇంకోవైపు లారీలు.

మేనేజరు బయటికి వచ్చాడు. "ఏమ్మా, బండి పోయిందా, డాక్టరు పోయాడా, మీ అత్తయ్య పోయిందా?"

"అలా అనకండి సార్."

"ఫోను చెయ్యి."

"డాక్టరుగారి ఫోను బల్ల మీదే ఉంది సార్. అత్తయ్యకి ఫోను లేదు."

సరిగ్గా అప్పుడే ఆ బల్ల మీది ఫోను మోగింది. డాక్టరు భార్య. పిచ్చుక ఎత్తి, డాక్టరుగారు టెస్ట్ రైడ్‌కి వెళ్ళారని, కొంచెం ఆలస్యమవుతోందని చెప్పింది. "నేను వస్తున్నాను," అంది ఆడగొంతు. ఫోను పెట్టేసింది.

ఇక ఆగడం పిచ్చుక వల్ల కాలేదు. టెస్ట్ రైడ్‌ల కోసం ఉంచిన నల్ల క్రూయిజరు తాళం తీసుకుంది. "నేనూ వస్తాను. తీసుకెళ్ళింది షోరూం బండి, జవాబు చెప్పుకోవలసింది నేను," అంటూ మేనేజరు వెనకెక్కాడు. పిచ్చుక కాళ్ళు నేలకి అందడమే ఆ బండి చేసిన మొదటి ఉపకారం. రెండోది ఏమీ లేదు. షోరూం ముందు సందులో దాన్ని వెనక్కి తిప్పడానికి మూడుసార్లు ముందుకీ వెనక్కీ తొయ్యాల్సి వచ్చింది. ఇంజను వేడి పిక్కల్ని కాలుస్తోంది. పెద్ద రోడ్డెక్కాక మాత్రం బండి దుడుదుడుమంటూ తొణక్కుండా సాగింది.

కొంతదూరం పోయాక వెనక నుంచి చప్పుడు లేదు. "సార్, ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాడు మేనేజరు. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. వీపుకి దన్నుగా ఉన్న దిండుకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఆయన ఆకాశం వంక చూస్తున్నాడు. "ఇలా కూడా కూర్చోవచ్చన్నమాట," అన్నాడు.

"సార్, ముందు వాళ్ళని వెతకండి సార్!"

గట్టు మీద సగం దూరం పోయేసరికి ఎర్ర బండి కనిపించింది. కదలడం లేదు. దాని మీద ఇద్దరూ కూర్చునే ఉన్నారు. దూరం నుంచి చూస్తే సాయంకాలపు నీళ్ళ అందం చూడటానికి ఆగినట్టుంది. దారిన పోయేవాళ్ళు అలాగే అనుకుని చెయ్యి ఊపి వెళ్ళిపోతున్నారు.

దగ్గరికి వెళ్ళాక తెలిసింది, అది అందం చూడటం కాదని.

జరిగింది ఇది. సగం దారిలో అత్తయ్య మోకాళ్ళు పట్టేశాయి. ఆపమని డాక్టరు వీపు మీద తట్టింది. ఆయన కంగారులో రోడ్డు అంచుకి తీసుకెళ్ళి ఆపాడు. అక్కడ నేల నీళ్ళవైపు వాలుగా ఉంది. తడిసిన కంకర. స్టాండు వేస్తే కంకరలో దిగిపోతోంది. ఆయన బండి మీదే ఉండి, ముందు బ్రేకు బిగించి, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టాడు. ఎడమకాలు కొంచెం కొంచెంగా జారుతోంది. వెనక అత్తయ్య దిగాలంటే కాలు ఎత్తాలి, కాలు రావడం లేదు. పక్కకి ఒరిగితే బండి, ఇద్దరు మనుషులు కలిసి నీళ్ళలోకి. ఆయన చెయ్యి వదిలితే అదే జరుగుతుంది. అరగంట నుంచి అలాగే ఉన్నారు.

డాక్టరు తొడలు గజగజా వణుకుతున్నాయి. అత్తయ్య వెనక నుంచి చెయ్యి చాచి ఆయన నోటి దగ్గర టీ కప్పు పట్టుకుని ఉంది.

"ఇంకొక్క గుక్క తాగండి డాక్టరుగారూ. బలమొస్తుంది."

"వద్దండీ. మీరు దయచేసి కదలకండి."

"నేను కదలడం లేదు. కదలగలిగితే ఈ గొడవే లేదుగా."

"అత్తయ్యా!" అంది పిచ్చుక. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"వచ్చావా? మంచిది. ఏడవకు, తర్వాత ఏడుద్దువుగాని. ముందు ఆ కుడికాలు సంగతి చూడు."

మేనేజరు కిందవైపుకి దిగి, బండికి భుజం ఆనించి నిలబడ్డాడు. ఆయన వెనక రెండడుగుల్లో నీళ్ళు. పిచ్చుక రోడ్డువైపు నుంచి అత్తయ్య మోకాలు రెండు చేతులా పట్టుకుని మెల్లగా చాపడం మొదలుపెట్టింది. అత్తయ్య పళ్ళు బిగించింది. కాలు జానెడు కదిలింది. ఇంకో జానెడు.

అప్పుడు లారీ వచ్చింది. హారను మోగిస్తూ, మూరెడు దూరంలోంచి, గాలినంతా ఒక్కసారి వాళ్ళ మీదకి తోసి వెళ్ళింది. బండి ఊగింది. డాక్టరు ఎడమకాలు సర్రున జారింది. మేనేజరు బూటు కంకరలో కూరుకుపోయింది, ఆయన నోట్లోంచి చిన్న కేక వెలువడింది. పిచ్చుక ఇంకేమీ ఆలోచించలేదు. అత్తయ్య నడుము చుట్టూ చేతులు వేసి ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఇద్దరూ వెల్లకిలా రోడ్డు అంచున పడ్డారు. బరువు తగ్గిన బండి మేనేజరు భుజం మీద ఆగి, నిలబడింది. ఫ్లాస్కు మాత్రం దొర్లుకుంటూ పోయి బుడుంగున మునిగింది.

నేల మీద పడుకునే ఉన్న అత్తయ్య ముందు తేరుకుంది.

"నడుముకి ఒకటి. తుంటికి సున్నా. మోకాళ్ళకి... పిచ్చుకా, మోకాళ్ళున్నాయా?"

"ఉన్నాయి అత్తయ్యా."

"అయితే ఒకటి. మెడకి రెండు. మనసుకి అయిదుకి అయిదు. అబ్బ, ఏం బండండీ డాక్టరుగారూ! ఎక్కగానే పదేళ్ళు తగ్గాయి. దిగేసరికి ముప్పై పెరిగాయనుకోండి, అది వేరే సంగతి."

డాక్టరు నవ్వలేదు. ఆయన మొహం పాలిపోయి ఉంది. "వెళ్దాం," అన్నాడు అంతే.

అయిదుంబావు దాటింది. తిరుగు ప్రయాణంలో అత్తయ్య పిచ్చుక వెనక నల్ల బండి ఎక్కింది. పిచ్చుక ఒక్క మాట మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు. వెనక నుంచి మాత్రం తీర్పు వినిపిస్తూనే ఉంది. "మెడకి నాలుగు. మోకాళ్ళకి అయిదు. తుంటికి నాలు..." బండి గుంతలో దభీమని పడి లేచింది. "...మూడు. గుంతని ఉన్నదున్నట్టు వెన్నుపూసకి అందించింది."

మేనేజరు ఎర్ర బండి మీద డాక్టరు వెనక కూర్చున్నాడు. బ్రేకు వేసినప్పుడల్లా ఆయన హెల్మెట్టు వెళ్ళి డాక్టరు హెల్మెట్టుకి టక్కున తగులుతోంది. షోరూం దగ్గర దిగాక ఆయన చాలాసేపు నిటారుగా నిలబడలేకపోయాడు.

అయిదు నలభై. డాక్టరు భార్య అక్కడే ఎదురుచూస్తోంది. లైబ్రరీలో పని చేసే మనిషి, చేతిలో ఇంకా ఆఫీసు సంచీ ఉంది. భర్తని పైనుంచి కింది దాకా చూసుకుని ఊపిరి పీల్చుకుంది.

"నీకు చెప్పకుండా కొందామని..." అని డాక్టరు తడబడ్డాడు. తర్వాత పిచ్చుకతో, "ఏమనుకోకమ్మా. ఇప్పుడు నా బుర్ర పని చెయ్యడం లేదు. రేపు వచ్చి చెప్తాను," అని కుర్చీలో కూలబడ్డాడు.

రేపు. రేపటికి ఆ షోరూంలో పిచ్చుక ఉండదు. ఒక గ్లాసుతో నీళ్ళు పట్టుకుని బయటికి వెళ్ళింది. అత్తయ్య లోపలికి రాకుండా వాలు అంచు మీదే కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది.

"ఇదుగో నీళ్ళు. తాగు," అంది పిచ్చుక. ఇక కట్ట తెగింది. "సంతోషమా? పన్నెండో బండి పోయింది. నా ఉద్యోగం పోయింది. నువ్వు చచ్చి బతికావు. ఎందుకత్తయ్యా ఈ పిచ్చి? ఎవరడిగారు నిన్ను?"

అత్తయ్య నీళ్ళు తాగింది.

"నేనే అడిగాను," అంది వెనక నుంచి ఒక గొంతు.

డాక్టరు భార్య. తలుపు చేరవేసి దగ్గరికి వచ్చింది.

"ఆవిణ్ణి ఏమీ అనకండి. పోయిన వారం ఆయన జేబులో ఈ షోరూం కాగితం, దాని మీద ఇవ్వాళ్టి తేదీ చూసి, నేనే వాళ్ళింటికి వెళ్ళి బతిమాలుకున్నాను. రెండేళ్ళ క్రితం మెట్ల మీంచి పడ్డాను, తుంటి దగ్గర ఇంకా నొప్పి. ఆయన ఇప్పటి బండి వెనక కూర్చుంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. హెల్మెట్టు అద్దం ఉంది కాబట్టి ఆయనకి కనబడటం లేదు. ఆ ఎర్ర బండి బొమ్మ చదువుకునే రోజుల నుంచి ఆయన గోడకి ఉంది. వద్దని నా నోటితో నేనెలా చెప్పను? మెల్లగా చిన్న రోడ్డు మీద తిరిగి వచ్చి బాగాలేదంటే చాలన్నాను. గట్టు మీదికి వెళ్తారని నాకేం తెలుసు!"

"చిన్న రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుందమ్మా," అంది అత్తయ్య నీరసంగా.

పిచ్చుక ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "మరి వడ్రంగి?"

"వాళ్ళమ్మ."

"పెద్ద వీధి షోరూంలో పెన్ను మూసేసినాయన?"

"వాళ్ళ నాన్న. డెబ్బై ఏళ్ళ మనిషి, వచ్చి వాకిట్లో నిలబడి గంటసేపు వాతావరణం గురించి మాట్లాడి, అప్పుడు చెప్పాడు." అత్తయ్య గ్లాసు కింద పెట్టింది. "వెనక కూర్చునేవాళ్ళు నోరు విప్పరే. ముందున్నది ప్రేమించే మనిషి కదా, బాధపడతారని. నేను మీ మావయ్య వెనక పదకొండేళ్ళు కూర్చుని ఒక్క మాట అనలేదు. ఒకరోజు తట్టుకోలేక దిగిపోయి నడిచాను, అప్పుడు చెప్పాను. పాపం, ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు లిఫ్టులో పెట్టే కమ్మీ తెచ్చి నా సీటు వెనక వెల్డింగు చేశాడు. ఎవరో పిచ్చిది చెప్పిందనుకుంటే వాళ్ళకి ఆ బాధ ఉండదుగా. నన్ను తిట్టుకుంటారు, అంతే. తిట్లకి నడుము నొప్పెట్టదు."

"నా ఉద్యోగం సంగతి తెలిసి కూడానా?"

"తెలిసే వచ్చాను. నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఈ అమ్మాయికి ఇంకో తుంటి ఎక్కడ దొరుకుతుందే?"

పిచ్చుక కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. వంగి అత్తయ్య మోకాలి మీది కంకర దుమ్ము దులిపింది. లేచి డాక్టరు భార్య చెయ్యి పట్టుకుంది. "రండి. అమ్మడానికి కాదు. ఒక్కసారి కూర్చుని చూద్దురుగాని."

అయిదు యాభై. లోపల మేనేజరు నడుము మీద చెయ్యి వేసుకుని గోడ గడియారం వంక చూస్తున్నాడు. డాక్టరు లేచి నిలబడ్డాడు.

"నువ్వే చెప్పు. ఏది తీసుకుందాం?" అని భార్యని అడిగాడు. గట్టు మీద అరగంట వణికాక ఆయన గొంతులో ఏదో మార్పు వచ్చింది. "నేను అక్కడ నిలబడి ఒకటే అనుకున్నాను, వెనక ఆ పెద్దావిడ స్థానంలో నువ్వు ఉంటే ఏమయ్యేదని."

"మీ ఇష్టం," అంది ఆవిడ అలవాటుగా.

బయట నుంచి అత్తయ్య పెద్దగా దగ్గింది.

డాక్టరు భార్య ఆ దగ్గు విని బయటికి చూసింది. నల్ల క్రూయిజరు దగ్గరికి నడిచింది. వెనక సీటు మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత, ఎవరూ ఊహించని విధంగా, ముందు సీటు మీద కూర్చుంది. హ్యాండిలు రెండు చేతులా పట్టుకుంది. చేతులు చక్కగా అందాయి. పాదాలు నేల మీద నిండుగా ఆనాయి. బండిని ఒకసారి ఎడమకీ కుడికీ ఊపి, ఒక కాలితో స్టాండు తీసి, గేరు చూసుకుంది. ఆ వరస కొత్తవాళ్ళది కాదు.

"నీకు నడపడం వచ్చా?" అన్నాడు డాక్టరు.

"పెళ్ళికి ముందు నాలుగేళ్ళు మా అన్నయ్య బండి మీద పుస్తకాలు చేరవేశాను. లైసెన్సు ఇప్పటికీ తిరగరాయించుకుంటూనే ఉన్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడూ అడగలేదు."

డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, తన కుర్చీలో కూర్చున్న పేషెంటులాగా. తర్వాత నెమ్మదిగా వెళ్ళి ఆమె వెనక కూర్చున్నాడు. దిండుకి ఆనుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇతరుల నోళ్ళలోకి వంగి వంగి బిగుసుకున్న వీపు, పూస తర్వాత పూస చాచుకోవడం పిచ్చుకకీ మేనేజరుకీ కనిపించింది. "అబ్బా," అన్నాడు.

పిచ్చుక కాగితాలు తెచ్చింది. డాక్టరు భార్య సంతకం పెట్టేసరికి గడియారంలో ఆరుకి మూడు నిమిషాలు తక్కువ. మేనేజరు లెక్క పంపాడు. డాక్టరు వెళ్ళేముందు ఎర్ర బండి దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు. "ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చా?" అని అడిగాడు. కుర్చీ వేయిస్తానని మేనేజరు మాట ఇచ్చాడు.

అందరూ వెళ్ళిపోయాక మేనేజరు వాలు దిగి అత్తయ్య దగ్గరికి వచ్చాడు. ఇవ్వాళ జరిగినదానికి నాలుగు చీవాట్లు తప్పవనుకుంది పిచ్చుక. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, మా అమ్మాయి రోజూ పొద్దున నన్ను ఇక్కడ దింపి తన ఆఫీసుకి పోతుంది. దాని సంపాదనతో కొనుక్కున్న బండి. ఈ ఎర్రదానికి అక్కలాంటిది. 'హాయిగా ఉందా నాన్నా?' అని దిగినప్పుడల్లా అడుగుతుంది. 'హాయిగా ఉందమ్మా' అంటాను."

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అత్తయ్య.

"రెండేళ్ళు."

అత్తయ్య హెల్మెట్టు చేతిలోకి తీసుకుంది. "ఎన్నింటికి బయలుదేరతారు?"

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మేనేజరు కూతురు హెల్మెట్టు చంకన పెట్టుకుని షోరూంలోకి విసురుగా వచ్చింది. మేనేజరు అంతకు ముందే బస్సులో వచ్చి కూర్చున్నాడు.

"నాన్నా, నువ్వేమో ఇవ్వాళ బస్సులో పోతానన్నావు. నేను గేటు దాటానో లేదో ఎవరో పెద్దావిడ లిఫ్టు అడిగి ఎక్కింది. వెనక కూర్చుని, కొత్త ఫ్లాస్కు తీసి టీ పోసుకుంది! దిగి, నా బండికి పాతికకి ఎనిమిది అంది. ఈ సీటు మీద ఎవరినైనా రోజూ కూర్చోబెడుతున్నావా, పాపం వాళ్ళ నడుము ఏమైపోతోందో అంది." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నిజమా నాన్నా? నీకు నొప్పిగా ఉంటుందా?"

మేనేజరు పిచ్చుక వంక చూశాడు. పిచ్చుక గబుక్కున కంప్యూటరు వంక చూసింది.

"ఎవరోనమ్మా, పిచ్చావిడై ఉంటుంది," అన్నాడు మేనేజరు గొంతు సవరించుకుని. "అయినా... మరీ అంత అబద్ధమేమీ చెప్పలేదులే."